రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడ్డర్ గారు

పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు వెళ్లాలి అనే మాట వినని తెలుగు ఇల్లు, అందులో చిత్తూరు వైపు ఇల్లు, అరుదు. ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడ్డర్ గారిని గూర్చి ఈమారు వ్రాస్తున్నాము. ఆమె బాప్తిస్టు కారు, రిఫార్మ్‌డ్ సంఘస్థురాలు. అయినను ఆ పనిలో మనవారి చెయ్యి కూడ ఉన్నది.

ఆమె 1870 డిసెంబరు 9న రాణిపేటలో మిషనెరీ డాక్టరు కుటుంబంలో పుట్టారు. అమెరికాలో చదువుకొని, మిషనెరీ కాకూడదనే అనుకున్నారు. తల్లికి జబ్బు చేసినందున తిండివనం వచ్చారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మనుష్యులు, ఒకరి తరువాత ఒకరు, ప్రసవవేదనలో ఉన్న భార్యల కొరకు ఆమెను పిలువవచ్చారు. తనకు వైద్యం రాదు, తండ్రిగారు డాక్టరు, ఆయన వస్తారన్నారు. పరపురుషుడు చూడటం వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె తిరిగి అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో డాక్టరయి, 1900లో వేలూరు చేరారు. 1902లో నలభై పడకల షెల్ ఆసుపత్రి తెరచారు.

ఆసుపత్రికి రాలేనివారి దగ్గరకు తామే వెళ్లారు. గుడియాత్తం దారిలో వారం వారం మందుల పెట్టెలతో బయలుదేరితే, చెట్ల క్రింద జనం కాచుకొని ఉండేవారు. ఎంత తిరిగినా ఒక్కరి చేతులు చాలవని 1918లో స్త్రీల వైద్య పాఠశాల పెట్టారు. దానికి భవనాలు కావలసినప్పుడు అమెరికాలో చందాలు పోగుచేయటంలో ముందు నిలిచినది లూసీ పీబాడీ గారు. ఈమె బాప్తిస్టు. మొదటి భర్త వాటర్‌బరీ గారితో మద్రాసులో మన తెలుగువారి మధ్యనే పరిచర్య చేసి, 1886లో ఆయనను అక్కడే పోగొట్టుకున్నారు. వేలూరును వ్రాసేవారు ఈమెను తరచు మరచిపోతారు. 1947లో ఆ కళాశాలలో పురుషులను కూడ చేర్చుకున్నారు. ఐడా గారు 1960 మే 24న కొడైకెనాల్‌లో ప్రభువునందు నిద్రించారు.

తిండివనంలో ఆ రాత్రి అడ్డుపడిన సిగ్గు ఇప్పుడు వేరొక చోట అడ్డుపడుతున్నది. గర్భసంచి ముఖద్వారపు క్యాన్సర్ ఏండ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, ముందే కనిపెడితే కుదురుతుంది. ఎసిటిక్ ఆమ్లం, అనగా వెనిగర్‌లోని పులుపు, పలుచగా పూసి ఒక నిమిషం ఆగితే చెడిన చోటు తెల్లబడుతుంది. తరిఫీదు పొందిన నర్సు చూడగలదు. అయినను 2019-21 జాతీయ సర్వేలో తమిళనాడులో ముప్పై నుండి నలభైతొమ్మిది ఏండ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి పదిమంది లోపే. దేశమంతటిలో ఇద్దరు లోపు. రొమ్ములో గడ్డ తగిలినా నొప్పి లేదని ఊరుకొనేవారు మన సంఘాలలోనూ ఉన్నారు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవలసినది.

ఊరు విడిచి వచ్చిన మన అక్కచెల్లెండ్రకు భాష తెలియని ఆసుపత్రిలో ఒంటరిగా నోరు విప్పటం మరింత కష్టం. స్త్రీల సమాజంవారు ఒక దినము ఏర్పరచి, ముప్పై దాటినవారిని నలుగురైదుగురిగా వెంటబెట్టుకొని లేడీ డాక్టరు వద్దకు వెళ్తే బాగుంటుందని మా మనవి.