ఆయువు పోసిన తెలుగు వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఎరుగని విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు తెలుగునాట అరుదు. కండరాలకు సత్తువనిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాల ప్రసక్తి వచ్చినప్పుడు ఆ పేరు స్మరించడం, ఆయన భీమవరంవారని పిల్లలకు చెప్పడం, పిదప పాఠంలోకి పోవడం మనకు పరిపాటి. అయితే ఆ మహనీయుని జీవితాన్ని ప్రయోగశాల వాకిట నిలిచి కాక, నెలల తరబడి ఆసుపత్రి మంచానికి అంటుకొనిపోయిన ఒక పదిహేనేళ్ళ బాలుని ప్రక్కన కూర్చొని చూచినప్పుడు వేరొక రూపం గోచరిస్తుంది. నేను చెప్పదలచినది ఆ రూపాన్ని గురించే.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యంవల్ల ముందుగానే కొలువు చాలించుకొన్నారు. తల్లి వెంకమ్మగారు. ఇంట లేమి తాండవించేది. పదమూడేళ్ళ ప్రాయంలో ఈ కుర్రవాడు కాశీకి పోయి, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచాడు. పెద్దలు పట్టి వెనుకకు తెచ్చారు. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కాడు. వెనుక బల్లమీద కూర్చొనే పిల్లలను గూర్చి తొందరపడి తీర్పు చెప్పే మా వృత్తివారు ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొంటే చాలు.

సన్న్యసించాలన్న కోరికకు తల్లి అడ్డుపడగా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు ద్రవ్యసహాయం చేశారు; వారి కుమార్తె శేషగిరిని 1919లో వివాహమాడారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి తరగతికి వెళ్ళడం శస్త్రచికిత్స బోధించే ఆంగ్ల ఆచార్యునికి కంటగింపయింది. తత్ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో తృప్తిపడవలసివచ్చింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

ఆ రోజులలోనే ఇంట పిడుగుపడింది. సోదరులిద్దరు ఒకరి వెనుక ఒకరు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్రమంగా కృశించిపోయే జబ్బది. మన పెద్దలు సంగ్రహణి అంటారు. సుబ్బారావుగారికి సైతం అది సోకింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో వారు బ్రతికి బయటపడ్డారు. రోగి మంచం ప్రక్కన నిస్సహాయంగా నిలబడడం, ఆ మంచంమీద తానే పడుకోవడం రెండూ ముప్పై ఏళ్ళు నిండకమునుపే ఆయనకు అనుభవమైనవి.

1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరం చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల విద్య నభ్యసించారు. చేతిలో డబ్బు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ అనే ఆసుపత్రిలో రాత్రివేళల కూలికి కుదిరి, రోగుల మలమూత్రపాత్రలు ఎత్తి శుభ్రం చేసేవారు. తాను సముద్రం దాటిన పిదప పుట్టిన కుమారుడు శైశవంలోనే కన్నుమూశాడు. తండ్రి బిడ్డ ముఖం చూడనేలేదు. భార్యాభర్తలు తిరిగి కలుసుకోలేదు. శేషగిరమ్మగారు మోసిన ఈ భారాన్ని ఆయన జీవితచరిత్రలో ఒక వాక్యంతో దాటివేయడం న్యాయం కాదనిపిస్తుంది గాని, ఆమె హృదయం తెలిపే ఆధారాలు నా ఎదుట లేవు.

ఫిస్కె అనే ఆచార్యునితో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలువరించిన కథ పాఠ్యగ్రంథాలలో ఉన్నదే. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో న్యూయార్కు సమీపాన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ఔషధశాలకు వెళ్ళి, అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించారు. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిను జాతి ఔషధమైన ఆరియోమైసిన్ ఆ శాలనుంచే వచ్చాయి. తెలంగాణ గ్రామాలలో ప్రభుత్వం పంచిపెట్టిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే.

మనకు ముఖ్యమైనది ఫోలిక్ ఆమ్లం. కాలేయంలో ఉండే ఈ పోషకాన్ని ఆయన బృందం 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందయింది. ఇక్కడితో కథ ముగిసినా అది ఒక నిండు జీవితమే. కాని బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు మరొక విషయం గమనించాడు. రాచపుండు జాతికి చెందిన ల్యుకీమియా అనే రక్తవ్యాధి సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థాలు ఇవ్వగా, వ్యాధి తగ్గకపోగా విజృంభించింది. ఇది వ్యాధి కణాలకు ఆహారమైతే, ఆ ఆహారాన్ని ఆపితే ఏమి జరుగుతుంది?

సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నకిలీలను సృష్టించింది. తాళంలో దూరి ఇరుక్కుపోయి, అసలు చెవిని దూరనీయని దొంగచెవి వంటిది ఆ మందు. వేగంగా విభజన చెందే కణం దానిని మేతగా భ్రమించి, పోషణ లేక నశిస్తుంది. అమినోప్టెరిన్ అట్టిది, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్.

ఫార్బర్ బృందం 1948 జూనులో ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలకు చికిత్స జరుగగా 10 మందిలో వ్యాధి వెనుకకు తగ్గింది. ఆ తగ్గుదల తాత్కాలికమే. కాని అంతకుముందు ఆ వ్యాధి బయటపడిన బిడ్డ సాధారణంగా వారాలలో, మహా అయితే కొద్ది నెలలలో చనిపోయేవాడు. ఆసుపత్రిలో దీర్ఘకాలం ఉండడమన్న ప్రశ్నే లేదు, ఉండడానికి ప్రాణముండాలిగదా! పిల్లల క్యాన్సరు వార్డులలో నేడు మనం చూచే నెలల నిరీక్షణ, ఆ విసుగు, ఆ బెంగ, అన్నీ ఈ మందు తెచ్చిన ఆయువు వెంట వచ్చినవే. ఆ పిల్లల ఆసుపత్రి, సుబ్బారావుగారు పాతికేళ్ళ క్రితం పాత్రలు మోసిన బ్రిగమ్ ఆసుపత్రికి ఇరుగుపొరుగు.

అక్కడే 1948 మే 22న ఒక ముచ్చట జరిగింది. కడుపులో క్యాన్సరు సోకిన పన్నెండేళ్ళ బాలుని మంచం వద్దకు రేడియోవారు వచ్చారు. జిమ్మీ అని మారుపేరు పెట్టి అతనిచేత మాట్లాడించారు. అతడు అభిమానించే బేస్‌బాలు ఆటగాళ్ళు గదిలోకి నడచివచ్చారు. మంచం మీదనుంచే ఆట చూడడానికి అతనికి ఒక టెలివిజను కావాలని విని దేశమంతా డబ్బు పంపింది. 20,000 డాలర్లు కోరితే 2 లక్షలకు పైబడి వచ్చాయి. ఆ బాలుడు బ్రతికి, లారీ నడిపి, 65 ఏళ్ళ వయసున 2001లో మరణించాడు. ఫార్బర్ తదుపరి తన చికిత్సలో మందుతోపాటు ఆహారం, తలిదండ్రులకు ఊరట, కుటుంబానికి ఆసరా అన్నీ ఒకే కప్పు క్రింద ఉండాలని పట్టుబట్టాడు.

సుబ్బారావుగారు ఇదంతా చూడలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి, 53వ ఏట మరణించారు. భారత ప్రభుత్వం 1995లో శతజయంతి సందర్భాన తపాలాబిళ్ళ విడుదల చేసింది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ఎముకకు వచ్చే ఆస్టియోసార్కోమా అనే క్యాన్సరు ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలకే వస్తుంది. 1970ల నుంచి దానికి మెథోట్రెక్సేట్‌ను పెద్దమోతాదులో ఇవ్వడం మొదలయింది. పసుపుపచ్చని ద్రవం కొన్ని గంటలపాటు నరంలోకి దిగుతుంది. పిదప దానికి విరుగుడు, అదికూడా ఫోలిక్ ఆమ్లం కుటుంబంలోనిదే, ఇస్తూ, రక్తంలో మందు పాలు తగ్గేవరకు రోజుల తరబడి పిల్లవాడిని కదలనీయరు. నోరు పూస్తుంది; అమ్మ కలిపిన పెరుగన్నం కూడా మంటపుడుతుంది. ఇట్లా ఎన్నో పర్యాయాలు.

పదిహేనేళ్ళవాడికి ఆసుపత్రిలో తగిన చోటు దొరకడం కష్టం. బొమ్మలు వ్రేలాడే పసిపిల్లల గదిలో వాడికి సిగ్గు; పెద్దల గదిలో భయం. తలవెండ్రుకలు రాలినందుకు కంటె, తన జబ్బు సంగతి తనకు తప్ప అందరికీ చెప్పినందుకు ఎక్కువ కుములుతాడు. పదవ తరగతి పరీక్షలు ఏమవుతాయని అడగడానికి జంకుతాడు. అడిగితే పెద్దలు ముందు బ్రతకరా నాయనా అంటారు; ఆ మాట ప్రేమతో అన్నదే అయినా, వాడికి అది పేరు కొట్టివేసినట్లే వినిపిస్తుంది. హాజరుపట్టీలో పేరు నిలిపి, వారానికొక పాఠం పంపి, దిద్దిన కాగితం తిరిగి పంపే మాష్టారు, తరగతి కబుర్లు మోసుకొనివచ్చే మిత్రుడు వాడికి చాలా అవసరం. ఈ పని వైద్యులు చేయలేరు, మనమే చేయాలి. వరంగల్లునుంచి హైదరాబాదు సుమారు 150 కిలోమీటర్లు. ఉత్తరానికి, ఫోనుకు ఆ దూరమూ లేదు.

రక్తపరీక్షలో అంకె తగినంత దిగిన ఉదయం సూది తీసివేస్తారు. వాడు తల్లితో కాజీపేట రైలెక్కి ఇంటికి వస్తాడు. కొద్దిదినాలకు మరల సంచి సర్దుకొంటాడు. ఆ సంచిలో పుస్తకాలుండాలి.