మట్టిపక్షుల శిల్పి

విజయనగర కాలపు ఆలయ స్తంభాలపై యాళి అనే మృగం కనిపిస్తుంది. సింహపు దేహం, ఏనుగు తొండం గల ఆ జంతువు ఏ అడవిలోనూ లేదు. శిల్పి మనసులో పుట్టి రాతిలో నిలిచింది. లేపాక్షి శిల్పసంపదను చూచిన అనంతపురం సీమ విద్యార్థులకు ఊహాశిల్పం కొత్త కాదు. అట్టి ఊహకు మట్టితో ప్రాణం పోసిన ఆంగ్లేయ కుమ్మరి రాబర్ట్ వాలెస్ మార్టిన్.

ఆయన 1843లో లండన్ నగరంలో జన్మించాడు. బాల్యంలోనే పార్లమెంటు భవనపు చెక్కడపు పనిలో చేరాడు. ఆ భవనానిది గాథిక్ శైలి. వికృత ముఖాలు, వింత జంతువులు ఆ శైలికి సహజాలంకారాలు. బాలుని కంటికి అవే తొలి పాఠాలయ్యాయి. అనంతరం లాంబెత్ కళాపాఠశాలలో శిల్పవిద్య నేర్చాడు. అయితే శిల్పిగా జీవనం సాగించడం దుర్లభమై మట్టిని ఆశ్రయించాడు. 1873లో ఫుల్హామ్‌లో వృత్తిని ప్రారంభించాడు. నేడు భారతీయులు అధికంగా నివసించే సౌతాల్‌కు 1877లో సోదరులతో తరలివెళ్ళి, కాలువ ఒడ్డున మూతపడిన సబ్బుల కార్ఖానాను తమ కర్మాగారంగా మార్చుకొన్నాడు.

నలుగురు సోదరులూ పనిని పంచుకొన్నారు. వాల్టర్ సారెపై పాత్రలు చేసేవాడు; ఆము, మెరుగుల బాధ్యత అతనిదే. ఎడ్విన్ చేపలు, లతలు చిత్రించేవాడు. చార్లెస్ లండన్‌లో దుకాణం నడిపేవాడు. బొమ్మలకు రూపమిచ్చేవాడు రాబర్ట్.

వారి పద్ధతి ఉప్పు మెరుగు. ఆము తీవ్రంగా కాగిన వేళ అందులో ఉప్పు చల్లుతారు. ఆ ఆవిరి మట్టిలోని ఇసుక అంశంతో కలసి పాత్రపై గాజుపొరగా ఏర్పడుతుంది. మంట ఏమాత్రం తప్పినా నెలల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. మబ్బు కోసం ఎదురుచూసే వేరుసెనగ రైతువలె ఆ సోదరులు ఆము తెరిచే ఘడియ కోసం నిరీక్షించేవారు.

రాబర్ట్‌కు శాశ్వత కీర్తి తెచ్చినవి పక్షి ఆకారపు జాడీలు. తలను పైకి తీస్తే అదే మూత. బరువైన ముక్కు, ఓరచూపు, గాంభీర్యం ఒలికే నిలువు గల ఆ పక్షులు న్యాయవాదులను, రాజకీయ నాయకులను తలపిస్తాయి. ఒకదానివలె మరొకటి ఉండదు. చూచినవారికి నవ్వు వస్తుంది. ఆ నవ్వు వెనుక మానవ స్వభావాన్ని నిశితంగా గమనించిన శిల్పి కన్ను కనిపిస్తుంది.

కీర్తి వచ్చినంతగా సంపద రాలేదు. చార్లెస్‌కు ఆ వస్తువులపై ఎంతటి మమకారమంటే, ఉత్తమమైనవాటిని కొనుగోలుదారులకు చూపక దాచేవాడు. 1903లో దుకాణం అగ్నికి ఆహుతైంది. దాచినవీ దక్కలేదు. ఆ దెబ్బకు మనసు చెదరిన చార్లెస్ 1910లో మరణించాడు. 1912లో వాల్టర్, 1915లో ఎడ్విన్ కన్నుమూశారు. వాల్టర్‌తోపాటు సారె నైపుణ్యం, మెరుగుల రహస్యం కూడా కనుమరుగయ్యాయి. ఒంటరిగా మిగిలిన రాబర్ట్ 1923లో తనువు చాలించాడు. సోదరుల వృత్తి వారితోనే ముగిసింది.

ఆ పక్షులు నేడు లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో కొలువుదీరాయి. సేకర్తలు వాటికై పోటీపడతారు. మట్టిబొమ్మ నిలిచింది, చేసే చేయి నిలువలేదు. మన గ్రామాలలోనూ సారెలు ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి. వస్తువును అద్దాల పెట్టెలో భద్రపరచవచ్చు. విద్యను భద్రపరచడానికి మాత్రం నేర్చుకొనే శిష్యుడే కావాలి. మార్టిన్ సోదరుల జీవితం మనకు మిగిల్చిన పాఠం ఇదే.