సాక్షిధర్మము: బిషప్ అజరయ్యగారి జీవితము

న్యాయస్థానములలో వ్యవహరించువారికి సాక్షులలోని తారతమ్యము ప్రతిదినమును కనబడుచుండును. తాను కన్నదానిని కన్నంతమట్టుకు చెప్పువాడు సాక్షి. ఒకరు చెప్పగా విన్నదానిని తన మాటగా చెప్పువానిని న్యాయాధిపతి సాధారణముగా ఆదరింపడు. ఇక న్యాయస్థానము వెలుపల వీధిలో నిలిచి కేకలు వేయువాని చుట్టును ఎంత గుంపు చేరినను, వానివలన వ్యాజ్యము తేలదు. మతవిషయమునను ఈ మూడు తెగలవారును గలరు. క్రైస్తవులు తమ విశ్వాసమును పరులకు తెలుపుటకు సాక్ష్యమిచ్చుట అని పేరు పెట్టుకొనిరి. ఆ పేరులోని బాధ్యతను నిండుగ నెరిగి, తెలుగునాట ముప్పదియైదేండ్లు పాటుపడిన యొక మహనీయుని చరిత్రమును ఇందు సంగ్రహముగా వ్రాయుచున్నాము. మతమున మనకును ఆయనకును భేదమున్నను, ఆయన జీవితమువలన నేర్చుకొనదగినది చాల గలదు.

మోమిన్‌పేటనుండి వికారాబాదు చేరి తూర్పుగా పోవు రైలెక్కినవారు సికిందరాబాదు, కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదులు దాటి డోర్నకల్లు జంక్షనునకు వత్తురు. నిజాము రాజ్యమున వికారాబాదు ప్రాంతములందు మెథడిస్టు మిషనువారును, మెదకు ప్రాంతమందు వెస్లియను మిషనువారును పనిచేసిరి. ఆ మిషనులు పాశ్చాత్యులవలన ఏర్పడినవి. డోర్నకల్లు కథ వేరు. అచ్చటికి వచ్చినది స్వదేశీయుల ధనముతో స్వదేశీయులు పంపిన మిషను. దానిని నడపిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు తెలుగువారును కారు, తెల్లవారును కారు.

ఆయన 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీని తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై యను గ్రామమున జన్మించెను. తండ్రి తామస్ వేదనాయకముగారు అచ్చటి గ్రామమునకు ఆంగ్లికను గురువు. వారిది నాడారు కులము; తండ్రి శైవము విడిచి క్రైస్తవము పుచ్చుకొన్నవాడు. తల్లి ఎల్లెనమ్మ బహుకాలము ప్రార్థించి కన్న బిడ్డడగుటచే, బైబిలులోని హన్నా కుమారుని పేరే ఆయనకును కలిగెను. 1889లో తండ్రి గతించెను. పిమ్మట తల్లి పెంపకముననే బాలుడు పెద్దవాడయ్యెను.

ఉన్నతవిద్యకై ఆయన చెన్నపట్టణపు క్రైస్తవకళాశాల చేరెను. దానికి అధ్యక్షులు విలియం మిల్లరుగారు. మన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారును అంతకు పూర్వము అచ్చటనే చదివి, బ్రహ్మసమాజమునకు అంకితమైరి. ఒకే గురువుకడ చదివినవారు తమ తమ మనస్సాక్షి చూపిన త్రోవల నడచిరనుట ఆ కళాశాలకు గొప్పతనమే గాని కొరత కాదు. అజరయ్యగారు పట్టపరీక్ష సమయమున జబ్బుపడి పట్టము పుచ్చుకొనకయే కళాశాల విడిచిరి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవపట్టమిచ్చువరకు ఆయన పేరు చివర పట్టమేదియు లేకుండెను. 1895లో యువజన క్రైస్తవసంఘమున ఉద్యోగముచేరి, దక్షిణదేశ మంతటను తిరిగి విద్యార్థులకు ఉపన్యసించుచుండెను. అమెరికా దేశీయుడగు షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణస్నేహితు డయ్యెను. 1898లో ఆయన అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని వివాహమాడెను. దక్షిణదేశమున కళాశాలాభ్యాసము చేసిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకతె.

1902లో ఆయన సింహళద్వీపమునందలి యాళ్పాణమునకు పోయెను. అచ్చటి తమిళ క్రైస్తవులు సంఖ్యకు కొద్దివారయ్యును, తమ సొమ్ముతో పరస్థలములకు బోధకులను పంపుచుండుట చూచెను. తిరునల్వేలిలో వేలకొలది క్రైస్తవులుండియు, అన్నిటికిని పరదేశపు ధనముకొరకు చేయిచాచుచుండిరి. ఇది ఆయనకు సిగ్గు కలిగించెను. తాను పొందిన మేలును పరులకు పంచుటకు కూడ పరుని పైకమే కావలయునన్నచో, ఆ మేలునందు తనకు నిజముగా నమ్మకమున్నదా యని ఆయన ప్రశ్నించుకొనెను. 1903లో తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘము పుట్టెను. 1905వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీని సీరాంపురమున జాతీయ మిషనరీ సంఘము స్థాపితమయ్యెను. ఈ రెంటికిని ఆయనయే ముఖ్యకార్యకర్త. దేశీయులే బోధకులు, దేశీయుల ధనమే మూలధనము, దేశీయులదే యాజమాన్యము అనునది వీని నియమము.

మొదటి సంఘమువారు పని చేయుటకై నిజాము రాజ్యమందలి డోర్నకల్లు ప్రాంతమును ఎన్నుకొనిరి. తమిళులకు అది పరభాషాప్రదేశము. ఇతరులను పొండని పురికొల్పుచు తాను మంచి ఉద్యోగమున నిలిచియుండుట తగదని అజరయ్యగారికి తోచెను. ముప్పదియైదవ యేట, 1909లో, గురుపట్టము పుచ్చుకొని ఆయన డోర్నకల్లు చేరెను. ఇల్లులేక మొదట గుడారమున నివసించెను. తెలుగు నేర్చుకొని, ఎద్దులబండిపై మాలపల్లెలకును మాదిగవాడలకును తిరిగెను.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ఆయన ఆహూతుడయ్యెను. ఆ సభలో ప్రతినిధులు ఇంచుమించు అందరును పాశ్చాత్యులే. అట్టిచోట వందనములు చెప్పి కూర్చుండుట సుళువు. అజరయ్యగా రట్లు చేయలేదు. మిషనరీలు భారతదేశమునకు ధనమును శ్రమమును ప్రాణములను గూడ ధారపోసిరని కృతజ్ఞతతో ఒప్పుకొని, అయినను దేశీయ సేవకులను సమానులుగా చూచి స్నేహము చేయుట ఇంకను నేర్వలేదనియు, తమకు కావలసినది ఆ స్నేహమే యనియు ఆయన తెలియజెప్పెను. కొందరు నొచ్చుకొనిరి. ఆ యుపన్యాసము నేటికిని స్మరింపబడుచున్నది. తా ననుభవించినదానిని, ఎవరియెదుట చెప్పుట కష్టమో వారియెదుటనే ఆయన చెప్పెను గదా!

1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీని కలకత్తాలోని సెయింటుపాలు దేవాలయమున ఆయన డోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తు డయ్యెను. ఆంగ్లికను సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. నల్లవాని చేతిక్రింద తెల్లగురువు లెట్లు పనిచేయుదురని ఆక్షేపించినవారు లేకపోలేదు. చెన్నపట్టణపు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్డుగారు మాత్రము పట్టువదలక ఆయనను బలపరచిరి. మొదట చిన్నదైన ఆ మండలము పిమ్మట కృష్ణా ప్రాంతమువరకు వ్యాపించెను. ఆయన కాలము ముగియునాటికి అందలి క్రైస్తవులు రెండులక్షలకు మించిరి.

ఇంతమంది ఎట్లు చేరిరి? జీతగాండ్రగు బోధకుల బలముననే ఇది కాలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును బోధకుడేయని ఆయన సిద్ధాంతము. గ్రామములకు పోయినపుడు, బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి పెట్టించి, ఈ మేలును ఇతరులకు చెప్పకున్నచో తమకు శ్రమ తప్పదని పలికించుచుండెడివాడు. ఏటేట ఒక వారమును సాక్ష్యమునకై ప్రత్యేకించి, కూలివాండ్రును స్త్రీలునుగూడ పొరుగు గ్రామములకు పోయి తమకు తెలిసినంత చెప్పునట్లు ఏర్పరచెను. వారికి అక్షరములు రావు, తర్కము తెలియదు. కాని నిన్న త్రాగి భార్యను కొట్టినవాడు నేడు మానినాడన్న సంగతి ఊరివారికి ఎవరును చెప్పనక్కరలేదు. మాలమాదిగల నడవడిలోని మార్పును చూచియే ఇతర కులములవారును తమ బోధను వినవచ్చిరని ఆయన నమ్మెను. త్రాగుడు, బాల్యవివాహము, అప్పులు, అపరిశుభ్రత అనువానితో ఆయన జీవితాంతము పోరాడెను. పంటపండుగలనాడు పేదలు ధాన్యమును కోళ్లను దేవాలయమునకు తెచ్చి అర్పించుచుండిరి. ఇచ్చుట నేర్వనివాని విశ్వాసము పక్వము కాలేదని ఆయన బోధ. ఈ విషయమై ఆయన గ్రంథము కూడ వ్రాసెను.

అయితే ఇందొక చిక్కు గలదు. పల్లెలో మెల్లగా పలికిన సాక్ష్యము పట్టణము దాటి, సముద్రము దాటి, చందాలు వసూలుచేయు పత్రికలకెక్కునప్పటికి లెక్కయై పోవును. ఇన్నివేలమంది చేరిరి, ఇక నిన్ని లక్షలు చేరనున్నారు, ధనము పంపుడు అను ప్రకటనలు వెలువడుచుండెను. 1935లో అంబేద్కరుగారు తాను హిందువుగా మరణింపనని యెవలాలో ప్రకటించిన వెనుక ఈ కోలాహలము హెచ్చెను. గాంధీమహాత్ముడు తన హరిజన్ పత్రికలో ఈ సామూహిక మతాంతరములను ఖండించెను. ఆకలిగొన్నవారిని, చదువులేనివారిని గుంపులుగా చేర్చుకొనుట ఆత్మసంబంధమైన కార్యము కానేరదని ఆయన వాదము. విశ్వాసము గులాబి పరిమళమువలె తానే వ్యాపింపవలెనుగాని చాటింపబడరాదని ఆయన తలచెను.

అజరయ్యగారు ఈ వాదమునకు తలవంచలేదు. పేదవానికిని ఆత్మ గలదనియు, తన మేలు తానెన్నుకొను స్వాతంత్ర్యము వానికిని గలదనియు, దానిని కాదనుట వానిని మఱల తక్కువచేయుటయే యనియు ఆయన మతము. మా తలపున ఇరువురిలోను సత్యాంశము గలదు. పేదవాని మనస్సాక్షిని గౌరవింపవలెననుట అజరయ్యగారి పక్షమున బలము. ఆ మనస్సాక్షిని లెక్కగట్టి ప్రకటింపరాదనుట గాంధీగారి పక్షమున బలము. ఈ రెండవ సంగతిని అజరయ్యగారును ఎరుగకపోలేదు. 1932లో బ్రిటిషు ప్రభుత్వమువారు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గము లిచ్చినపుడు, తన వారికి లాభకరమని పలువురు తలచినదానిని ఆయన ఎదిరించెను. మతము మార్చుకొన్న ప్రతివాడును ఒక పక్షమునకు ఒక వోటగునెడల, వాని విశ్వాసమును ఎవరును నమ్మరనియు, సంఘము రాజకీయ ముఠాగా మారుననియు ఆయన హెచ్చరించెను. స్వలాభమునకు విరుద్ధముగా చెప్పిన సాక్ష్యమునకు న్యాయస్థానమున ఎంత విలువయో చదువరులు ఎరుగుదురు.

ఆయనయందు లోపములు లేవని చెప్పజాలము. పరిపాలనమున ఆయన కఠినుడు. తన నిర్ణయమునకు అడ్డు సహించువాడు కాడు. క్రీస్తునం దందరు నొక్కటియని ఎంత బోధించినను, మాలమాదిగల నడుమ వైరము దేవాలయపు గుమ్మముకడ పూర్తిగా ఆగిపోలేదు. ఆయన మండలపు విజయవార్తలును పాశ్చాత్య పత్రికలలో చందాలకు సాధనములయ్యెను. తన నోట వెడలిన మాట పరుల నోట ఏమగునో సాక్షికి స్వాధీనము కాదు.

డోర్నకల్లున ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయమునకు 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీని ప్రతిష్ఠ జరిగెను. అందు ద్రావిడ శిల్పమును, మహమ్మదీయుల గుంబజులును, క్రైస్తవుల సిలువయు కలిసియున్నవి. పరదేశపు మతమును పరదేశపు వేషముననే ఉంచరాదను ఆయన తలంపు ఆ రాళ్లయందు నిలిచియున్నది. 1919లో తరంగంబాడిలో తానారంభించిన సంఘైక్య ప్రయత్నము ఫలించుట ఆయన చూడలేదు. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీని ఆయన డోర్నకల్లుననే పరలోకగతు డయ్యెను. 1947 సెప్టెంబరు 27వ తేదీని దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను.

చదువరులారా, ఏ మతమువారమైనను ఈ చరిత్రము మనలను ఒక ప్రశ్న యడుగుచున్నది. మనము నమ్మితిమని చెప్పుకొను సత్యములలో, మనము స్వయముగా కన్నవి ఎన్ని? విన్నవి ఎన్ని? కన్నదానిని దాచుట లోభము. కననిదానిని చాటుట అసత్యము. ఈ రెంటి నడుమ త్రోవ ఇరుకైనది. ఆ త్రోవను ఎద్దులబండిపై, మండుటెండలో, మాలపల్లె తరువాత మాలపల్లెగా నడచినవాడు అజరయ్యగారు. మన యింటివారును పొరుగువారును మనలను గూర్చి ఏమి సాక్ష్యమియ్యగలరో ముందుగా విచారించుకొని, ఆ పిమ్మట మనము వేదికల నెక్కుదము గాక.