పన్ను పెంచితే ఊరే వదిలారు: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

ఇంటి పన్ను పెరిగితే మన వేలూరులోనైనా గుడియాత్తంలోనైనా నాలుగు రోజులు గొణుక్కుంటాం, తర్వాత కట్టేస్తాం. నూరేళ్ల క్రితం రెండు తెలుగు ఊళ్ల జనం అలా ఊరుకోలేదు. వాళ్లను నడిపించినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు.

ఆయన 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే బంధువులు పెంచారు. స్కాట్లండు వెళ్లి ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. తిరిగొచ్చి కొన్నాళ్లు పాఠాలు చెప్పారు గానీ ఉద్యోగంలో ఇమడలేకపోయారు. పాటా, పద్యమూ, హాస్యమూ ఆయన నాలుక చివరే ఉండేవి. రామదండు పేరుతో సేవాదళం కూడా నడిపారు.

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు. మన గుడియాత్తంలాగే అక్కడా మగ్గం మీద బతికేవాళ్లు ఎక్కువ. 1919లో మద్రాసు ప్రభుత్వం (అప్పుడు మన వేలూరు కూడా దాని కిందే) ఆ ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4 వేల రూపాయలున్న పన్ను భారం దాదాపు 40 వేలకు చేరింది. నేతగాడి కూలి మాత్రం పెరగలేదు కదా! జనం మొదట అర్జీలు పెట్టుకున్నారు. తర్వాత కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం మీద ఛైర్మన్‌ను తెచ్చి కూర్చోబెట్టింది. పన్ను కట్టనివాళ్లను జైలుకు పంపింది, వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. అప్పటి స్థానిక పరిపాలన మంత్రి పానగల్లు రాజా గారు తెలుగువారే. చెన్నైలో పానగల్ పార్కు ఆయన పేరు మీదే ఉంది. అయినా ప్రభుత్వం దిగిరాలేదు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి, రెండు దారులు చూపారు: శాంతంగా ఉంటూ పన్ను మానెయ్యడం, లేదా ఊరు విడిచిపోవడం. గోపాలకృష్ణయ్య గారు రెండోది ఎంచుకున్నారు. మునిసిపాలిటీ హద్దు దాటితే ఆ పన్ను అడిగే హక్కే ఎవరికీ ఉండదు. చట్టాన్ని మీరకుండానే చట్టానికి ఎదురు నిలవడమంటే ఇదే. సుమారు 15 వేల జనంలో 13 వేలకు పైగా ముసలీ ముతకా, చంటిబిడ్డలతో సహా బయటికి నడిచారు. ఊరి బయట పాకలు వేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. తగవులు తీర్చుకోవడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు. ఎండా వానా ఓర్చి, దగ్గర దగ్గర 11 నెలలు అక్కడే గడిపారు.

ఈలోగా బరంపురంలో ఉపన్యాసం ఇచ్చారని గోపాలకృష్ణయ్య గారిని పట్టుకుని ఏడాది శిక్ష వేసి తిరుచ్చి జైల్లో పెట్టారు. నాయకుడు లేక, చేతిలో డబ్బు ఆడక, జనం మెల్లగా ఇళ్లకు మళ్లారు. దీన్ని గెలుపు అని రాసేవాళ్లున్నారు. నాకు మాత్రం అంత సులువుగా ఆ మాట రాదు. కానీ పన్ను వేసేముందు కట్టేవాణ్ణి అడగాలన్న సంగతి ఆ పాకల్లోంచి దేశమంతా విన్నది.

జైలు నుంచి వచ్చాక ఆయన పేదరికంలోనే బతికారు. 1928 జూన్ 10న క్షయతో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లే. విజయవాడలో కాంగ్రెసు వారి ఆంధ్రరత్న భవనం ఆయన పేరిటే ఉంది.