వాల్టర్ ఇలియట్
సర్ వాల్టర్ ఇలియట్ (జనవరి 16, 1803 - మార్చి 1, 1887) మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన బ్రిటిషు పాలనాధికారి, ప్రకృతి శాస్త్రవేత్త, పురావస్తు పరిశోధకుడు. స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించాడు.

== ఉద్యోగ జీవితం ==
హెయిలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. 1824లో కిత్తూరు తిరుగుబాటు సందర్భంగా రాణి చెన్నమ్మ సేనకు బందీగా చిక్కి, తరువాత విడుదలయ్యాడు. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరుగా ఉన్నాడు. 1845లో అమరావతి స్తూపాన్ని త్రవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపాడు. వాటిలో అధికభాగం 1859లో లండనుకు తరలిపోయింది. తెలుగు ప్రాంతాల మొక్కల పేర్లను క్రోడీకరించిన ఈయన గ్రంథం ఫ్లోరా ఆంధ్రికా 1859లో వెలువడింది.

== జంతుశాస్త్ర కృషి ==
ధార్వాడ ప్రాంతపు క్షీరదాల పట్టికను 1839లో ప్రచురించాడు. బొరియలను త్రవ్వి ఎలుకలను పట్టి, అవి దాచుకొన్న ధాన్యాన్ని తీసుకొనే వడ్డెరల అనుభవజ్ఞానం ఈయనకు ఎంతో తోడ్పడింది. మెల్టాడా, లెగ్గాడా అనే శాస్త్రీయ నామాలకు వడ్డెరల మాటలే మూలం.

కడప, నెల్లూరుల మధ్య కొండలలో లభించిన, ఉడుతను పోలిన ఒక చిన్న జంతువుకు వాటర్‌హౌస్ ఇలియట్ పేరు పెట్టాడు. ఇదే మద్రాసు ట్రీష్రూ. ఈ కొండలు సూళ్లూరుపేట తీర మైదానానికి వాయవ్యంగా ఉన్నాయి.

== ప్రాంతీయ భేదాల సమస్య ==
ఒకే జాతి జంతువులు ప్రాంతాన్ని బట్టి రంగులోను, దేహ పరిమాణంలోను, కపాలపు కొలతలలోను కొంత మారుతుంటాయి. వయస్సును బట్టి కూడా కపాలం మారుతుంది. కనుక ఒకటి రెండు కపాలాలను చూసి కొత్త జాతిని నిర్ణయించడం సరికాదు. వేర్వేరు చోట్ల సేకరించిన, ఎదిగిన జంతువుల కపాలాలను పెక్కింటిని పోల్చవలసి ఉంటుంది. ట్రీష్రూ విషయంలో ఈ చిక్కే వచ్చింది. 1913లో లియాన్ దీనికి అనతానా అనే ప్రజాతిని ఏర్పరచి, అందులో మూడు జాతులను గుర్తించాడు. తరువాతి శాస్త్రవేత్తలు ఆ మూడింటినీ ఒకే జాతిగా పరిగణించారు. ఇలియట్ పేరు మాత్రం నిలిచింది.

భేదాలను గురించి పరిశోధిస్తున్న ఛార్లెస్ డార్విన్‌కు ఇలియట్ భారతదేశం నుండి పావురాల చర్మాలను పంపాడు. పెంపుడు పావురాల రకాల కపాలాలను కొలిచి పోల్చిన డార్విన్, ఆ ఫలితాలను 1868లో ప్రచురించాడు.

== చివరి రోజులు ==
1860లో ఉద్యోగ విరమణ చేసి స్కాట్లండులోని వుల్ఫెలీలో స్థిరపడ్డాడు. 1878లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. చివరి సంవత్సరాలలో చూపు దాదాపు పోయినా దక్షిణ భారత నాణేలపై గ్రంథాన్ని పూర్తిచేశాడు. 1887లో వుల్ఫెలీలోనే మరణించాడు.