జి. డి. నాయుడు

తమిళనాడునందలి కోయంబత్తూరు ప్రాంతమున తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము కలవు. పూర్వము తెలుగు సీమనుండి దక్షిణమునకు తరలిపోయి, ప్రత్తి పండించుకొనుచు అచ్చట స్థిరపడిన రైతుల సంతతివారు వీరు. అట్టి యొక కుటుంబమున, కలంగల్ అను గ్రామమునందు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి.

బాల్యమున దొరస్వామికి బడి గిట్టదు. ప్రాథమిక తరగతులలోనే చదువు ఆగిపోయెను. పొలము పనియే గతియయ్యెను. ఒకనాడు ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారు సైకిలుపై పోవుట అతడు చూచెను. అది ఇంగ్లండులో తయారైన రడ్జి బండి. ఎద్దులు లేవు, గుఱ్ఱము లేదు. బండి తనంతట తానే పరుగెత్తుచున్నది! ఆ వింత అతని మనస్సును వదలలేదు. కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపని చేయుచు, జీతము కూడబెట్టి, తుదకు 300 రూపాయలకు ఆ బండినే కొనెను.

కొన్నవాడు దానిపై ఊరెల్ల తిరుగుట సహజము. దొరస్వామి దానిని ఇంటికి తెచ్చి, మరలు ఊడదీసి, ఏ భాగమునకు ఆ భాగము వేరుచేసి, తిరిగి కూర్చెను. పెట్రోలు ఆవిరి గాలితో కలియుట, నిప్పురవ్వ తగిలి మండుట, ఆ విసురునకు పిస్టను కదలుట, ఆ కదలిక చక్రమును త్రిప్పుట – ఇవన్నియు అతడు గ్రంథములు చదివి కాక, చేతులకు నూనె పూసికొని నేర్చెను.

పిమ్మట ప్రత్తి వ్యాపారమున ధనము గడించి, బొంబాయిలో దానిని పోగొట్టుకొనిరి. అయినను మోటారులపై మక్కువ పోలేదు. నేడు టెక్కలిలో బస్సెక్కి పలాసలో దిగు విద్యార్థికిగాని, ఉద్దానము తీరమునుండి కొబ్బరికాయల మూటతో సంతకు పోవు రైతునకుగాని బస్సు వింత కాదు. 1920లో అది వింతయే. ఆ యేట స్టేన్సు అను ఆంగ్లేయ వర్తకుని తోడ్పాటుతో నాయుడుగారు ఒక బస్సు సంపాదించి, పొల్లాచి, పళని పట్టణముల నడుమ తామే నడపిరి. యజమానియు, డ్రైవరును వారే! ఆ యొక్క బస్సే పెరిగి పెరిగి యూనివర్సల్ మోటారు సర్వీసు అను పెద్ద సంస్థయయ్యెను.

1937లో, బాలసుందరము నాయుడుగారితో కలిసి, దేశమున తొలి విద్యుత్ మోటారును తయారుచేయించిరి. విద్యుత్తుతో నడచు క్షురకయంత్రము, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా – వారి బుద్ధికి అందని పని లేదనిపించెను. 1945లో వారి విరాళముతో కోయంబత్తూరున సాంకేతిక కళాశాల వెలసెను. బడి గిట్టని బాలుడు కళాశాలకు ప్రిన్సిపాలగుట విచిత్రమే. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు కాలహరణమనియు, రెండేండ్లు చాలుననియు వారు పట్టుపట్టిరి. ప్రభుత్వము ఒప్పుకొనలేదు. నాయుడుగారు పదవిని వదలిరి.

1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును వారు సిద్ధపరచిరి. వెల 2,000 రూపాయలు మాత్రమే. సామాన్య గృహస్థుడును కారు కొనగలుగవలెనని వారి కోరిక.

ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ అను యువకుడు ఇట్టి ప్రయత్నమే చేయుచుండెను. అతడును విప్పి కూర్చువాడే. 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, దానికి తేలికయైన క్రొత్త ఒడలు తొడిగి, పోటీలకు పనికివచ్చు కారుగా మార్చెను. బరువు తగ్గినచో చిన్న ఇంజనైనను వేగముగ లాగునని అతని లెక్క. 1952లో లోటస్ ఇంజనీరింగు సంస్థను స్థాపించి, సన్నని ఉక్కు గొట్టముల చట్రముతో కార్లు కట్టి, విడిభాగములుగా అమ్మెను. కొన్నవారు ఇంటివద్ద బిగించుకొనెడివారు. 1957లో లోటస్ కార్లు ఫ్రాన్సునందలి లే మాన్ పందెమున తమ తరగతులలో గెలిచెను.

కోయంబత్తూరు కారునకు అట్టి అదృష్టము పట్టలేదు. ఉన్న ఉక్కును, విదేశ ద్రవ్యమును ఏ పరిశ్రమకు ఎంత ఇయ్యవలెనో తానే నిర్ణయింపదలచి, మన ప్రభుత్వము 1951లో పరిశ్రమల చట్టము చేసెను. అది 1952 మే నెలలో అమలునకు వచ్చెను. లైసెన్సు లేనిదే కార్ఖానా లేదు. బీద దేశమున అట్టి పొదుపునకు కారణము లేకపోలేదు. కాని ఆ పొదుపు చౌక కారునే అడ్డగించుట శోచనీయము. నాయుడుగారికి లైసెన్సు లభింపలేదు; కారు తయారీ ఆగిపోయెను.

వారు చేతులు ముడుచుకొని కూర్చుండువారు కారు. తమ తోటలో ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయిలందు క్రొత్త రకములు పండించిరి. సర్ సి. వి. రామన్, విశ్వేశ్వరయ్యగార్ల వంటి పెద్దలు వచ్చి ఆ తోటను చూచిరి. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడుగారు మరణించిరి. మనదేశమున కార్ల తయారీకి లైసెన్సు అక్కరలేదని ప్రభుత్వము 1993లో ప్రకటించెను.