కరువు నేలలో పెరిగిన డాక్టరమ్మ

మా అనంతపురం వాళ్లకి వానతో ఉన్న లెక్కే వేరు. ఏడాది మొత్తం మీద సగటున పడేది 55 సెంటీమీటర్లు. అదైనా పడాల్సినప్పుడు పడదు. వేరుశనగ విత్తేసి ఆకాశం కేసి చూడటం, పంట పోతే మూటలు కట్టుకుని బెంగళూరు బండెక్కడం మా ఊళ్లలో పిల్లలకి కూడా తెలిసిన సంగతే. అందుకేనేమో, ఎక్కడి మనిషైనా సరే, కరువు చూసి పెరిగిందని తెలిస్తే నాకు మా చుట్టాల గురించి విన్నట్టే ఉంటుంది. డాక్టర్ మేరీ గ్లౌరీ కథ నన్ను పట్టుకున్నది ముందు అక్కడే.

ఆవిడ గురించి నాకు చెప్పింది మా అత్తయ్య. అత్తయ్య పుట్టిల్లు గుంటూరు. అక్కడ ఆమె చిన్నతనంలో పెద్దవాళ్లు ఆ డాక్టరు పేరు ఎత్తేవాళ్లు కాదట. తెల్ల డాక్టరమ్మ అంటే చాలు, అందరికీ తెలిసేదట. అత్తయ్య వాళ్లమ్మ గడప దాటని ఇంటి కోడలు. మొదటి రెండు కాన్పులూ ఇంట్లోనే జరిగాయి, ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడో కాన్పుకి మాత్రం, చూసేది ఆడ డాక్టరని తెలిశాక, మామగారే స్వయంగా బండి కట్టించి ఆ ఆసుపత్రికి పంపించారట. అప్పుడు పుట్టింది అత్తయ్య వాళ్ల పెద్దక్క. ఆ తర్వాత నలుగురు. ఆ నలుగురిలో చివరిది మా అత్తయ్య.

ఈ మాట వింటుంటే నాకు మా అవ్వ చెల్లెలు గుర్తొచ్చింది. కల్యాణదుర్గం దగ్గర పల్లెలో తొలికాన్పు నొప్పులు రెండు రోజులు పడి పోయింది. మంత్రసాని చేతులెత్తేసింది. టౌనులో డాక్టరున్నాడు గానీ మగ డాక్టరు. ఇంట్లో మగవాళ్లు పిలుద్దామనే అన్నారట. ఆమే వద్దందట. పరాయి మగాడు తాకడం కన్నా ఇదే నయమని తలుపు కేసి చూస్తూ ఊపిరి వదిలేసిందని అవ్వ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఏడ్చేది.

అక్కడ ఆ ఇల్లాలు బతికింది, ఇక్కడ మా వాళ్లావిడ పోయింది. మధ్యలో తేడా ఒక్క డాక్టరమ్మ. ఆ డాక్టరమ్మ ఎవరో తెలుసుకోవాలనిపించింది.

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో, బిర్రెగుర్రా అనే ఊళ్లో పుట్టారు. విక్టోరియా అప్పటికింకా బ్రిటిష్ వారి వలస రాజ్యం. ఐర్లండు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాల వంశం వాళ్లది. ఐర్లండులో 1845 తర్వాత బంగాళదుంప పంటకి తెగులు తగిలి కరువొస్తే పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకన్నా ఎక్కువమందే ఓడలెక్కి దేశం వదిలిపోయారు. మన ధాత కరువు కథ లాంటిదే. అలా వెళ్లినవాళ్లతో ఆస్ట్రేలియాలో ఊళ్లకి ఊళ్లే వెలిశాయి.

మేరీ చిన్నతనంలోనే వాళ్ల కుటుంబం వాచమ్ అనే పల్లెకి మారింది. అది విక్టోరియాలో వాయవ్యం మూల, వాన మీద ఆధారపడి గోధుమ పండించే మెట్ట ప్రాంతం. 1895 నుంచి 1902 దాకా ఆస్ట్రేలియాలో పెద్ద కరువు నడిచింది. గొర్రెలు లక్షల్లో చచ్చాయి. మేరీకి ఎనిమిదేళ్లప్పుడు మొదలైన కరువు పదిహేనేళ్లు వచ్చేదాకా తీరలేదన్నమాట. తొమ్మిది మంది సంతానంలో ఆమె ఒకరు. ఇంట్లో రోజూ రాత్రి ప్రార్థన అయ్యాక, మంచి గురువులనీ మంచి డాక్టర్లనీ ఇమ్మని వేడుకోవడం వాళ్లమ్మ పిల్లలకి అలవాటు చేసింది. డాక్టరు దొరకని పల్లెలో పిల్లల్ని పెంచే తల్లి ఇంకేం కోరుకుంటుంది?

మేరీ చదువులో చురుకు. పదమూడో ఏట స్కాలర్‌షిప్పు తెచ్చుకుని మెల్‌బోర్న్‌లో చదువుకోవడానికి ఇల్లు వదిలి వెళ్లింది. విశ్వవిద్యాలయంలో ముందు చేరింది ఆర్ట్స్‌లో. వైద్యం వైపు మళ్లమని ప్రోత్సహించింది వాళ్ల నాన్న. ఆ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకి వైద్య విద్య తలుపులు తెరుచుకున్నది 1887లో, సరిగ్గా ఆమె పుట్టిన ఏడే. పల్లెటూరి తండ్రి కూతురిని ఆ దారిలో వెళ్లమనడం నాకు చాలా పెద్ద సంగతిగా తోచింది. ఎందుకంటే మా నాయన ఎంతో మంచివాడే గానీ, నేను ఇంటర్‌లో సైన్సు తీసుకుంటానంటే దగ్గరి కాలేజీలో లేదని, ఆర్ట్స్‌లో చేర్పించాడు.

1910లో మేరీ డాక్టరై బయటికొచ్చారు. ఆ రోజుల్లో ఆడ డాక్టర్లకి పెద్దాసుపత్రుల్లో చోటు దొరకడం కష్టం. న్యూజిలాండ్ వెళ్లి క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో పనిచేశారు. తర్వాత మెల్‌బోర్న్ తిరిగొచ్చి కంటి, చెవి ఆసుపత్రిలో చేరారు. పేరున్న డాక్టర్లందరూ ఉండే కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు పెట్టారు. 1916లో మొదలైన కాథలిక్ మహిళల సేవా సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. డబ్బు, హోదా, నలుగురిలో గౌరవం, అన్నీ అమరాయి.

ఆ మధ్యలోనే, 1915లో, ఒక చిన్న పుస్తకం ఆమె చేతికొచ్చింది. స్కాట్లండుకు చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించి రాసింది. మెక్‌లారెన్ డెబ్బై దాటిన వయసులో మన దేశానికొచ్చి రావల్పిండిలో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి పెట్టించిన మనిషి. ఇండియాలో ఎంతమంది పసిబిడ్డలు కళ్లు తెరవకుండానే పోతున్నారో, పరదా చాటు ఆడవాళ్లు మగ డాక్టరుకి చూపించుకోలేక ఎలా నలిగిపోతున్నారో అందులో ఉంది. చదివిన గంటలోనే తను చేయాల్సిన పని ఇదేనని మేరీ తేల్చుకున్నారు. కానీ తొందరపడలేదు. బతుకంతా చూడబోయేది కాన్పులూ ఆడవాళ్ల రోగాలూ కళ్ల జబ్బులూ కాబట్టి, వాటిలోనే ఇంకా చదివి 1919లో ఎం.డి. పట్టా తీసుకున్నారు. నాలుగేళ్లు ఆగి, చేతికి పని పూర్తిగా పట్టుబడ్డాకే బయల్దేరారు. ఆవేశంతో వచ్చే నిర్ణయాలు మనమూ చాలానే తీసుకుంటాం. వాటికి నాలుగేళ్ల చదువు జోడించేవాళ్లు ఎందరుంటారు?

1920 జనవరిలో ఓడెక్కి ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. అప్పటికి ఆమెకి 32 ఏళ్లు. అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ తెరిచిన ఆసుపత్రి ఆ ఊళ్లో అప్పటికే ఉంది. అయినా చుట్టూ ఉన్న పల్లెలకి ఒక్క ఆసుపత్రి ఏం చాలుతుంది? డచ్చి దేశంలో పుట్టిన జీసస్ మేరీ జోసెఫ్ సన్యాసినుల సంస్థ గుంటూరులో నడుస్తుండేది. మేరీ అందులో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు.

ఇక్కడే పెద్ద చిక్కు. కాథలిక్ చర్చి నియమం ప్రకారం సన్యాసినులు వైద్య వృత్తి చేయకూడదు. కాన్పులు చేయడం అసలే కూడదు. డాక్టరుగా ఉండాలంటే సన్యాసం వదలాలి, సన్యాసం కావాలంటే స్టెతస్కోపు పక్కన పెట్టాలి. ఆడవాళ్ల చావులకి అడ్డు పడదామని వచ్చిన మనిషికి తన మతంలోని కట్టుబాటే అడ్డు. ఆవిడ దేన్నీ వదులుకోలేదు. పోపు 15వ బెనెడిక్ట్ ఆమెకి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. సన్యాసిని వస్త్రాల్లో ఉంటూ వైద్యం చేసిన తొలి డాక్టరు ఆవిడేనంటారు. ఆ కట్టుబాటు మిగతా అందరికీ సడలింది 1936లో.

చిన్న మందుల గదితో మొదలైన పని సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది. చాలా ఏళ్లు అక్కడ డాక్టరంటే ఆవిడ ఒక్కరే. కాన్పులు, కంటి ఆపరేషన్లు, జ్వరాలు, పసిపిల్లల విరేచనాలు, అన్నిటికీ ఆ రెండు చేతులే. ఆసుపత్రికి రాలేనివాళ్ల కోసం ఊళ్లకి తనే వెళ్లేవారు. ఒక్క మనిషి ఎంత చేసినా సముద్రంలో చెంబుడు నీళ్లేనని ఆమెకి త్వరగానే అర్థమైంది. అందుకే మన అమ్మాయిలకే నేర్పడం మొదలుపెట్టారు. మందులు కలపడం, కాన్పు చేయడం, రోగిని చూసుకోవడం నేర్చుకున్న ఆడపిల్లలు అక్కడి నుంచి బయటికొచ్చారు.

1943లో పదహారు మంది సన్యాసినులతో కలిసి ఆమె ఒక ఆసుపత్రుల సంఘాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న కాథలిక్ హెల్త్ అసోసియేషన్ అదే. అందులో 3,500కి పైగా ఆసుపత్రులూ ఆరోగ్య కేంద్రాలూ ఉన్నాయి. మన దేశంలోనే ఒక వైద్య కళాశాల రావాలని కూడా ఆమె కలగన్నారు. బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల 1963లో వచ్చింది. చూడటానికి ఆమె లేరు.

క్యాన్సర్ వచ్చింది. ఎన్నో వేల మంది నొప్పుల్ని తగ్గించిన మనిషి చివరికి ఆ నొప్పిని తనే మోసి, 1957 మే 5న బెంగళూరులో కన్నుమూశారు. 70 నిండటానికి ఇంకా నెలా పద్దెనిమిది రోజులుంది. ఈ గడ్డ మీద అడుగుపెట్టాక 37 ఏళ్లలో ఒక్కసారి కూడా పుట్టిన ఊరికి తిరిగి వెళ్లలేదు. కూతురిని డాక్టరు చదవమన్న ఆ నాన్నని, రోజూ మంచి డాక్టర్ల కోసం ప్రార్థించిన ఆ అమ్మని మళ్లీ చూడలేదు. మా ఊరి నుంచి వలసపోయినవాళ్లు పండక్కో జాతరకో ఒక్కసారైనా వస్తారు. ఇదేం వలస అనిపించింది నాకు. 2013లో చర్చి ఆమెకి దైవ సేవకురాలన్న గౌరవం ఇచ్చింది. సెయింట్‌గా గుర్తించడానికి అది మొదటి మెట్టు.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. మెడిసిన్ ప్రవేశ పరీక్ష కోసం ఊరు దాటి కోచింగ్‌కి వెళ్తానంటోంది. ఆడపిల్లని అంత దూరం ఎందుకు, ఇక్కడే డిగ్రీ చదివించరాదా అని నెల రోజులుగా గొణుగుతున్నది మా అత్తయ్యే. నేనూ గట్టిగా ఏం చెప్పలేకపోతున్నాను. ఇదంతా రాస్తూ, పదమూడేళ్ల పిల్ల ఒక్కతే మెల్‌బోర్న్ వెళ్లిన సంగతి అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. వత్తులు చేసుకుంటూ కూర్చుంది. తర్వాత, ఆ పిల్లని వాళ్ల నాన్న పంపకపోయుంటే తనూ లేదు, తన కొడుకూ లేడు, ఈ మనవరాలూ లేదు కదా అని తనలో తనే లెక్కేసుకుంది.

కోచింగ్ ఫీజు ఎంతో, ఎప్పటిలోగా కట్టాలో మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర అడిగింది.